అరువు బూట్లు.. పదమూడు గోల్స్

గోథెన్‌బర్గ్, స్వీడన్. 1958 జూన్ 28.

ప్రపంచకప్ మూడో స్థానం కోసం ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ తలపడుతున్నాయి. 27వ నిమిషంలో ఫ్రాన్స్‌కు పెనాల్టీ దొరికింది. ఎదురుగా గోల్‌కీపర్ తప్ప అడ్డం లేదు. ఈ మ్యాచ్‌లో కొట్టిన ఒకదానితో కలిపి ఆ టోర్నీలో అప్పటికే 10 గోల్స్ కొట్టిన కుర్రాడు అక్కడే ఉన్నాడు. ఒక ప్రపంచకప్‌లో అత్యధిక గోల్స్ రికార్డు 11. నాలుగేళ్ల క్రితం హంగేరీ ఆటగాడు శాండోర్ కొచీష్ పెట్టింది. ఈ బంతి తంతే లెక్క సమం.

కుర్రాడు ముందుకు రాలేదు. రేమండ్ కోపా వచ్చి బంతిని నెట్‌లోకి కొట్టాడు.

ఈ కాలంలో అయితే పెనాల్టీ కోసం సొంత జట్టువాళ్లే బంతి లాక్కునే దృశ్యాలు చూస్తున్నాం. జస్ట్ ఫాంటేన్‌కు ఆ అవసరం కనిపించలేదు. కాసేపటికి 36వ నిమిషంలో ఒకటి, రెండో సగంలో మరో రెండు కొట్టాడు. ఆట ముగిసేసరికి ఫ్రాన్స్ 6, జర్మనీ 3. అందులో ఫాంటేన్‌వి నాలుగు. మొత్తం 13. తోటి ఆటగాళ్లు అతన్ని భుజాల మీదకి ఎత్తుకున్నారు. ఆ ఫొటో చూస్తే కప్పు గెలిచింది ఫ్రాన్సేనేమో అనిపిస్తుంది.

ఆ 13 గోల్స్ కొట్టిన బూట్లు అతనివి కావు.

టోర్నీకి ముందు ప్రాక్టీసులో ఫాంటేన్ బూటు చిరిగిపోయింది. కంపెనీలు పెట్టెలకొద్దీ బూట్లు పంపే రోజులా అవి! జట్టులో రిజర్వు ఆటగాడు స్టెఫాన్ బ్రూయె ఉన్నాడు. ఇద్దరి పాదాల కొలతా ఒకటే. మైదానంలోకి దిగే అవకాశం ఎటూ తక్కువే కాబట్టి బ్రూయె తన జత ఇచ్చేశాడు. ఒకే బూటులో రెండు ప్రాణాలు కలిసి ఆడటం వల్లే అన్ని గోల్స్ పడ్డాయేమో అని ఫాంటేన్ తర్వాతి కాలంలో సరదాగా చెప్పుకునేవాడు.

బూట్లే కాదు, జట్టులో చోటూ అలా వచ్చిందే. ఫాంటేన్ 1933 ఆగస్టు 18న మొరాకోలోని మర్రకేష్‌లో పుట్టాడు. తండ్రి ఫ్రెంచి, తల్లి స్పానిష్. కాసాబ్లాంకాలో ఆడుతూ పేరు తెచ్చుకుని 1953లో నీస్ క్లబ్బుకు వచ్చాడు. అదే ఏడాది డిసెంబరులో లక్సెంబర్గ్ మీద జాతీయ జట్టుకు తొలి మ్యాచ్ ఆడి మూడు గోల్స్ కొట్టాడు. అంత గొప్ప ఆరంభం చేసినవాణ్ని మళ్లీ పిలవడానికి సెలెక్టర్లకు దాదాపు మూడేళ్లు పట్టింది. 1956లో కోపా రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోతే, ఆ ఖాళీ నింపడానికి రీమ్స్ క్లబ్బు ఫాంటేన్‌ను తెచ్చుకుంది. 1957-58 సీజన్ మధ్యలో మోకాలి ఆపరేషన్. చాలామందికి అది ఎదురుదెబ్బే అయ్యేది. అతనికి మాత్రం కలిసొచ్చింది. మిగతావాళ్లు సీజన్ పొడుగునా అలసిపోతే, ఫాంటేన్ విశ్రాంతి తీసుకున్న కాళ్లతో తిరిగొచ్చాడు. 26 లీగ్ మ్యాచ్‌ల్లో 34 గోల్స్. రీమ్స్‌కు లీగూ, ఫ్రెంచ్ కప్పూ రెండూ వచ్చాయి.

అయినా సెంటర్ ఫార్వర్డ్‌గా మొదటి పేరు అతనిది కాదు. రీమ్స్‌లోనే ఆడే రెనే బ్లియార్ ఆఖరి రోజుల్లో గాయపడితేనే ఫాంటేన్‌కు దారి దొరికింది.

జట్టు పరిస్థితి అంతకంటే గందరగోళం. అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. ఏప్రిల్‌లో మొనాకో డిఫెండర్ ముస్తఫా జితూనీ, సెంతెతియెన్ ఫార్వర్డ్ రషీద్ మెఖ్లూఫీ మరికొందరితో కలిసి రహస్యంగా ఫ్రాన్స్ దాటి, విమోచన ఉద్యమం పెట్టుకున్న అల్జీరియా జట్టులో చేరిపోయారు. ఇద్దరూ ప్రపంచకప్‌కు వెళ్లాల్సినవాళ్లు! అలాంటి జట్టు మీద స్వదేశంలో పెద్దగా ఆశలు లేవు.

కానీ కోచ్ ఆల్బెర్ బత్తో చేతిలో ఒక ఆయుధం ఉంది. అతను రీమ్స్ కోచ్ కూడా. మాడ్రిడ్ నుంచి కోపా వచ్చాడు. ఎవరి చోటు నింపడానికి ఫాంటేన్‌ను తెచ్చారో ఆ కోపాతోనే ఇప్పుడు అతను ఒకే గది పంచుకున్నాడు. కోపా పోలండ్ వలస కుటుంబం బిడ్డ. కుర్రతనంలో బొగ్గు గనిలో పనిచేసినవాడు. బంతి దొరికితే ముగ్గుర్ని తప్పించి, నాలుగోవాడు మీదకొచ్చేవరకూ వదలడు. సరిగ్గా ఆ నాలుగోవాడు కదిలిన క్షణంలో, వాడి వెనక ఖాళీలోకి ఫాంటేన్ పరుగెత్తేవాడు. ఎప్పుడు పరుగెత్తాలో ఇతనికి తెలుసు, ఎప్పుడు వదలాలో అతనికి తెలుసు. ఫాంటేన్ పెద్ద ఎత్తరి కాదు, బంతితో గారడీలు చేసే రకమూ కాదు. వేగం, రెండు కాళ్లతోనూ కొట్టగల నేర్పు, తల ఎత్తకుండానే గోల్ ఎక్కడుందో తెలిసిన చూపు.. ఇవీ అతని ఆస్తి.

నార్‌షోపింగ్‌లో పరాగ్వే మీద 7-3. ఫాంటేన్ మూడు. యుగోస్లావియా చేతిలో 2-3తో ఓటమి, రెండూ అతనివే. స్కాట్లండ్ మీద ఒకటి. క్వార్టర్స్‌లో ఉత్తర ఐర్లండ్ మీద రెండు.

జూన్ 24న సెమీఫైనల్, బ్రెజిల్‌తో. రెండో నిమిషంలోనే వావా గోల్ కొట్టాడు. తొమ్మిదో నిమిషంలో ఫాంటేన్ సమం చేశాడు. ఆ టోర్నీలో బ్రెజిల్ గోల్‌లోకి వెళ్లిన తొలి బంతి అది! అప్పటికి నాలుగు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా ఇవ్వని జట్టు. స్కోరు 1-1గా ఉండగా వావాతో ఢీకొని ఫ్రాన్స్ కెప్టెన్ రొబేర్ జాంకే కాలు విరిగింది. గాయపడ్డవాడి బదులు మరొకర్ని దించే వీలు ఆనాటి నిబంధనల్లో లేదు. రక్షణకు మూలస్తంభం లాంటి మనిషి ఒంటికాలి మీద పక్క గీత దగ్గర కుంటుతూ నిలబడ్డాడు. లెక్కకు పదకొండు మంది, ఆటకు పదిమంది. దీదీ ఒకటి కొట్టాడు. రెండో సగంలో 17 ఏళ్ల పెలె మూడు కొట్టాడు. చివర్లో పియాంతోనీ ఒకటి తిరిగి కొట్టినా 5-2. జాంకే నిలబడి ఉంటే పెలె మూడు కొట్టేవాడా అన్నది ఫ్రాన్స్‌లో ఆ తరంవాళ్లు తెగని వాదంగా చెప్పుకున్నారు. పదకొండు మందితో ఆడినా ఆ బ్రెజిల్ గెలిచేదనే నాకనిపిస్తుంది. కాకపోతే మూడు గోల్స్ తేడా వేరే మాట.

నాలుగు రోజుల తర్వాతే గోథెన్‌బర్గ్. 13 గోల్స్‌కు బంగారు బూటు ఏదీ లేదు. ఒక స్వీడన్ పత్రిక అతనికి ఎయిర్ రైఫిల్ బహుమతిగా ఇచ్చింది.

మరుసటి ఏడాది యూరోపియన్ కప్‌లోనూ అతనే టాప్ స్కోరర్, 10 గోల్స్. స్టట్‌గార్ట్‌లో ఫైనల్. ఎదుట రియల్ మాడ్రిడ్, ఆ జట్టులో కోపా! మాడ్రిడ్ 2-0తో గెలిచింది. తర్వాత కోపా రీమ్స్‌కు తిరిగొచ్చేశాడు. క్లబ్బులోనూ జాతీయ జట్టులోనూ ఆ జోడీ కలిసి ఆడే రోజులు అప్పుడే మొదలయ్యాయి.

ఎన్నాళ్లో సాగలేదు. 1960 మార్చిలో సోషో జట్టుతో మ్యాచ్. ఒక టాకిల్‌కు ఎడమ కాలి ఎముకలు రెండూ విరిగాయి. నెలల తరబడి కట్లు, కర్రలు. ఏడాది చివరికి మళ్లీ మైదానంలోకి వచ్చాడు, జాతీయ జట్టుకూ ఆడాడు. 1961 జనవరి 1. కొత్త సంవత్సరం రోజున లిమోజ్‌తో మ్యాచ్. అదే కాలు, మళ్లీ విరిగింది. 1962 జులైలో ఆట మానేశాడు. అప్పటికి 29 కూడా నిండలేదు. జాతీయ జట్టుకు 21 మ్యాచ్‌లు, 30 గోల్స్.

ఇక్కడ చాలామంది ఈ కథ ఆపేస్తారు. 1967లో ఫ్రాన్స్ కోచ్‌గా రెండు మ్యాచ్‌లు ఓడి పదవి పోగొట్టుకున్నాడనీ, 1974లో పారిస్ సాంజెర్మాన్‌ను మొదటి డివిజన్‌కు చేర్చాడనీ, పుట్టిన గడ్డ మొరాకోకు 1980 ఆఫ్రికా కప్‌లో మూడో స్థానం తెచ్చాడనీ ఒక పేరా రాస్తారు. మెస్సీ అదే 13 గోల్స్ లెక్కకు చేరడానికి 2022 వరకూ ఐదు ప్రపంచకప్‌లు, 26 మ్యాచ్‌లు పట్టాయనీ, ఫాంటేన్‌కు ఆరే సరిపోయాయనీ గుర్తుచేస్తారు. 2023 మార్చి 1న టూలూజ్‌లో, 89 ఏళ్ల వయసులో కన్నుమూశాడని ముగిస్తారు. అన్నీ నిజాలే. నాకు మాత్రం ఫాంటేన్ అసలు ఆట కాలు విరిగాక మొదలైందనిపిస్తుంది.

ఆనాటి ఫ్రెంచి ప్రొఫెషనల్ ఆటగాడు ఒకసారి సంతకం పెడితే 35 ఏళ్లు వచ్చేదాకా క్లబ్బు సొత్తు. అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది యజమాని ఇష్టం. వెళ్తానంటే కుదరదు, వెళ్లనంటే కుదరదు. ఆ ఒప్పందం కాగితం మీద ఎంత పొడుగ్గా ఉన్నా, కాలు విరిగితే ఏమవుతుందో ఫాంటేన్‌కు ఆస్పత్రి మంచమే చెప్పి ఉంటుంది. 1961 నవంబరులో ఆటగాళ్ల సంఘం పుట్టింది. ఊపిరి పోసినవాడు కామెరూన్ నుంచి వచ్చి సెంతెతియెన్‌కు ఆడిన యూజేన్ ఎన్జో లేయా. న్యాయశాస్త్రం చదివినవాడు, చట్టం మాటలు తెలిసినవాడు. కానీ క్లబ్బు అధ్యక్షులు తలుపు తీయాలంటే దేశమంతా ఎరిగిన పేరు కావాలి. మొదటి అధ్యక్షుడిగా ఫాంటేన్ కూర్చున్నాడు.

అప్పటికింకా అతను ఆటగాడే, మళ్లీ ఆడగలనేమోనని ప్రయత్నిస్తున్నవాడే. తనను పోషించే క్లబ్బుల మీదే సంఘం పెట్టడానికి ఎంత గుండె కావాలో 1963లో కోపాకు జరిగింది చూస్తే తెలుస్తుంది. ఆటగాళ్లు బానిసల్లా బతుకుతున్నారని కోపా ఒక పత్రికతో అన్నాడు. బాలన్ డి ఓర్ అందుకున్న ఆ మనిషికే ఆరు నెలల సస్పెన్షన్ విధించారు. వెంటనే అమలు చేయకుండా కత్తిలా తల మీద వేలాడదీశారు.

కాలపరిమితి ఉన్న ఒప్పందం 1969లో వచ్చింది. గడువు తీరితే ఆటగాడు తనకు నచ్చిన చోటికి పోవచ్చు. ఆ ఏడాది ఆగస్టులో ఫాంటేన్‌కు 36 నిండాయి. పాత నిబంధన ప్రకారమైనా అతను అప్పటికే విడుదలైపోయి ఉండేవాడు.