అర్ధమస్తిష్క నిద్ర

మెదడులోని రెండు అర్ధగోళాలలో ఒకటి గాఢనిద్రలో ఉండగా రెండవది మెలకువతోనే ఉండి, కొంతసేపటికి వాటి వంతులు మారే నిద్రావిధానాన్ని అర్ధమస్తిష్క నిద్ర అంటారు. డాల్ఫిన్లలోను, కొన్ని జాతుల సీళ్లలోను, అనేక పక్షులలోను ఇది కనిపిస్తుంది. ఒక కన్ను తెరిచి ఉండటం దీనికి బయటి గుర్తే తప్ప రుజువు కాదు. ఎలక్ట్రోడ్ల ద్వారా మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో, నిద్రిస్తున్న అర్ధగోళం నుంచి నెమ్మదైన పెద్ద తరంగాలు, మేలుకున్న దాని నుంచి వేగమైన చిన్న తరంగాలు ఏకకాలంలో వెలువడినప్పుడే దీనిని నిర్ధారిస్తారు.

సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవ్ ముఖామెతోవ్, ఆయన సహచరులు 1977లో డాల్ఫిన్లలో ఇటువంటి తరంగాలను గుర్తించినట్లు ప్రకటించారు. డాల్ఫిన్ శ్వాస తీసుకోవడానికి నీటిపైకి రావాలి కనుక, మెదడు మొత్తం ఒక్కసారిగా నిద్రపోకపోవడం దానికి ప్రాణావసరమని భావిస్తారు. ఫర్ సీలు నీటిలో ఉన్నప్పుడు ఎక్కువగా సగం మెదడుతోను, ఒడ్డుకు చేరాక చాలావరకు మనుషుల మాదిరిగా రెండు అర్ధగోళాలతోను నిద్రపోవడం మరింత ఆసక్తికరమైన విషయం. ఒకే జంతువు చోటును బట్టి నిద్ర తీరునే మార్చుకుంటుందన్నమాట.

పక్షులలో దీని ప్రయోజనం కాపలా. నీల్స్ రాటన్‌బోర్గ్ బృందం 1999లో ప్రచురించిన ప్రయోగంలో మల్లార్డ్ బాతులను వరుసగా ఉంచగా, నడుమనున్న వాటికన్న చివరనున్నవి సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా సగం మెదడుతో నిద్రించాయి. పైగా తెరిచిన కన్ను తోటి బాతులు లేని వైపుకే ఉండేది. పక్షులలో కంటి నాడులు దాదాపు పూర్తిగా ఎదుటి పక్క అర్ధగోళానికి చేరతాయి కాబట్టి, కుడికన్ను తెరిచి ఉంటే మేలుకుని ఉన్నది ఎడమ అర్ధగోళమని గ్రహించాలి.

తెలంగాణ బొగ్గు గనుల ప్రాంతంలో ఈ చర్చకు దగ్గరగా వచ్చే జీవి మొసలి. శ్రీరాంపూర్‌కు సమీపాన, మంచిర్యాల జిల్లా జైపూర్ మండలంలోని శివ్వారం వద్ద గోదావరి మడుగులు మగ్గర్ జాతి మొసళ్లకు అభయారణ్యంగా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఉప్పునీటి మొసలి పిల్లలపై జరిపిన పరిశీలన 2015లో వెలువడింది. మనిషి దగ్గరలో ఉన్నప్పుడు అవి ఒక కన్ను మూసి, రెండవ కంటిని అతని వైపే నిలిపాయని అందులో తేలింది. అయితే ఆ పరిశీలన కళ్లకే పరిమితమైనది, మెదడు తరంగాలను నమోదు చేయలేదు. కనుక ఒంటికన్ను తెరిచి ఒడ్డున పడుకున్న మగ్గర్‌ను చూసి దాని సగం మెదడు నిద్రిస్తోందనడం తొందరపాటే అవుతుంది.

నైట్ షిఫ్టులో గని కార్మికునికి వచ్చే కునికిపాటును కూడా ఈ కోవలో చేర్చరాదు. దీర్ఘకాలం మేలుకున్న ఎలుకల మెదడులో కొన్ని నాడీకణాలు అక్కడక్కడ క్షణకాలం పని ఆపుతాయని 2011లో వెల్లడైంది. అది అలసట లక్షణమే కాని, వంతులవారీ కాపలా కాదు. మనుషులలో అర్ధమస్తిష్క నిద్రకు కొంత దగ్గరగా కనిపించేది కొత్తచోట తొలిరాత్రి నిద్ర. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించిన ప్రకారం, ఆ రాత్రి ఎడమ అర్ధగోళంలోని ఒక నాడీకణాల వలయం కుడివైపు దానికన్న తేలికగా నిద్రిస్తుంది. కుడిచెవికి వినిపించిన వింత శబ్దాలకు మనిషి త్వరగా మేల్కొంటాడు. కొన్నాళ్ల తరువాత మళ్లీ అక్కడే పడుకున్నప్పుడు ఆ తేడా కనిపించదు.