ఒక రేకు - పెక్కు వన్నెలు

మా చందానగరులో పాత బొంబాయి రహదారి వెంబడి నడచువారికి అడుగడుగునకు అచ్చుపని చేయు దుకాణములు కనబడును. పెండ్లి శుభలేఖలు, గృహప్రవేశపు ఆహ్వానములు, పుట్టినరోజు ఫ్లెక్సీలు - అన్నియు అచ్చటనే తయారగుచుండును. అచ్చట నిలువబడి "ఒక ప్రింటు తీసి ఇయ్యండి" అని అడిగినచో అర్థమొక్కటే. మూలము వేరొకచోట నున్నది. యంత్రము దానికొక నకలు తీసి ఇచ్చును. ఆ నకలు చినిగినను, తడిసినను విచారము లేదు. మరియొకటి తీయవచ్చును.

చందానగరునకు కొద్ది కిలోమీటర్ల దూరమున, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయములో లలితకళలు నేర్చు విద్యార్థుల నోట ఇదే మాట వేరొక అర్థమున వినబడును. వారికి ప్రింటు అనగా లోహపురేకును తమ చేతితో చెక్కి, ఆమ్లములో ముంచి, సిరా పులిమి, తడికాగితముపై ఒత్తి తీసిన చిత్రము. దానికి వేరొకచోట మూలము లేదు. అదియే మూలము.

ఒకే మాటకు ఈ రెండర్థములు కలుగుటచేత చిత్రకళలోని ఒక గొప్ప శాఖ, కన్నులయెదుట నుండియు, మనలో చాలమందికి కనబడకున్నది. ఈ శాఖలో తెలుగువారు చిన్నవారు కారు. రంగుల ముద్రణలో ఒక కొత్త దారి తెరచి, దేశదేశముల చిత్రకారులకు గురువైన ఒకరు మన చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టినవారు. వారి పని యేమో తెలియవలెనన్న, ముందుగా అచ్చు అనునది ఎట్లు పుట్టినదో కొంత చెప్పుకొనవలెను.

అచ్చువేయుట మనకు కొత్త విద్య కాదు. కృష్ణా జిల్లా పెడనలో నేటికిని టేకుచెక్కపై లతలను, పువ్వులను చెక్కి, రంగులో అద్ది, గుడ్డపై వరుసగా ఒత్తుదురు. మచిలీపట్టణపు కలంకారీ యని పేరొందిన ఈ వస్త్రములు గోలకొండ సుల్తానుల కాలమున ఆ రేవునుండి ఓడలపై విదేశములకు పోయినవి. ఈ పద్ధతిలో రంగు అంటవలసిన భాగము మిట్టగా నిలుచును. అక్కరలేని భాగమును ఉలి తొలగించును. చైనా దేశమున క్రీ.శ. 868వ సంవత్సరములో చెక్కదిమ్మలతో కాగితముపై ముద్రించిన వజ్రసూత్రము, దాని తొలిపుటలోని బుద్ధుని బొమ్మ, ఈ పద్ధతికే చెందినవి. అయితే చెక్క అచ్చునకు ఒక నియమమున్నది. గీతల కొక అచ్చు, ఎరుపున కొక అచ్చు, మరియొక రంగునకు మరియొక అచ్చు కావలెను. ఎన్ని రంగులో అన్ని దిమ్మలు. ఈ నియమమును శ్రోతలు మనస్సునం దుంచుకొందురుగాక. మన కథ అంతయు దీని చుట్టును తిరుగును.

రెండవ పద్ధతి దీనికి తలక్రిందులు. ఇందులో మిట్ట కాదు, పల్లము పలుకును. మన రాజులు దానధర్మములను రాగిరేకులపై చెక్కించిరి. ఆ అక్షరములు లోహములోనికి దిగినవే. శాసనపరిశోధకులు శిలాశాసనముపై తడికాగితమును పరచి, కుంచెతో కొట్టి, పైని సిరా అద్ది ప్రతి తీయుదురు. అందులో నేల నల్లగాను, అక్షరములు తెల్లగాను వచ్చును. సిరా పల్లములోనికి దిగదు గనుక. దీనికి మారుగా సిరాను పల్లములలోనే నింపి, పైభాగమును శుభ్రముగా తుడిచి, కాగితమును గట్టిగా అదిమినచో గీత నల్లగాను, నేల తెల్లగాను వచ్చును. ఐరోపా ఖండమున 15వ శతాబ్దములో కంసాలుల పనిపట్టులనుండి పుట్టిన లోహఫలక ముద్రణ ఇదియే. జర్మనీ దేశపు చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ చిన్ననాట తన తండ్రి స్వర్ణకారశాలలోనే ఉలి పట్ట నేర్చినవాడు.

ఉలితో లోహమును చెక్కుట కష్టము. చేయి కోరినట్లు గీత సాగదు. అందుచేత ఉలి పనిని ఆమ్లమున కప్పగించు ఉపాయమును కనుగొనిరి. దీనినే ఎచింగు అందురు. రాగి లేక జింకు రేకును నునుపుచేసి, దానిపై మైనము మొదలగువాటితో చేసిన పూతను పలుచగా పూయుదురు. ఆ పూతపై సూదితో బొమ్మ గీయుదురు. సూది పోయిన దారిలో పూత చెదరి లోహము బయటపడును. అప్పుడు రేకును ఆమ్లములో ఉంచినచో, బయటపడిన చోటనే లోహము తినబడును. కొద్దిసేపు ఉంచిన సన్నని గీత. ఎక్కువసేపు ఉంచిన లోతైన, నల్లని గీత. చాలునన్న గీతలకు వార్నిషు పూసి కప్పి, తక్కినవాటిని మరల ఆమ్లమునకు వదలుదురు. గీతలేగాక మబ్బువంటి ఛాయలు కావలెనన్న, గుగ్గిలము వంటి జిగురుపొడిని రేకుపై చల్లి, వేడిచేసి అంటించి, పిదప ఆమ్లములో ఉంచుదురు. పొడిరేణువుల సందులలో లోహము చిన్నచిన్న చుక్కలుగా తినబడి, ఆ చుక్కలు సిరాను పట్టును. దీనికి ఆక్వాటింటు అని పేరు.

రేకు సిద్ధమైన పిమ్మట సిరా పులిమి, పలుచని బట్టతో తుడిచి, తడిపిన కాగితమును పరచి, పైని ఉన్నికంబళి కప్పి, రెండు ఉక్కు ఉరుళ్ల నడుమ త్రిప్పుదురు. కాగితము పల్లములలోనికి దిగి సిరాను ఎత్తుకొనును. కుడి ఎడమ యగును, ఎడమ కుడి యగును. కాగితముపై రేకు అంచు నొక్కుకొన్న గుర్తు నిలిచిపోవును. 17వ శతాబ్దమున హాలెండు దేశపు రెంబ్రాంట్ ఒకే రేకును మరల మరల చెరిపి, గీకి, తిరిగి చెక్కెను. అందుచేత 1653లో అతడు చేసిన "మూడు శిలువలు" అను చిత్రపు తొలిప్రతులకును, తుదిప్రతులకును పోలికయే అరుదు. నకలు తీయుటకే అయినచో ఇంత శ్రమ ఎందులకు? రేకుతో జరుపు సంభాషణయే ఆ కళ.

మరి మనలో అచ్చుబొమ్మ యనగా నకలు అను భావమెట్లు కుదురుకొన్నది? దానికి మూడవ పద్ధతియైన శిలాముద్రణ కొంత కారణము. దీనిని జర్మనీ వాడగు సెనెఫెల్డర్ 18వ శతాబ్దపు తుదిని కనుగొనెను. ఇందులో మిట్టయు లేదు, పల్లమును లేదు. నునుపైన సున్నపురాతిపై జిడ్డుపెన్సిలుతో గీసి, రాతిని మందుతో పదనుచేసి తడిపిన, జిడ్డున్న చోట సిరా అంటును. తడిగల చోట అంటదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించి తన వర్ణచిత్రములను ఈ పద్ధతిని అచ్చొత్తించెను. ఆ లక్ష్మి, ఆ సరస్వతి తెలుగువారి పూజామందిరములకును నడచివచ్చిరి. సామాన్యుని గోడకు బొమ్మ దక్కుట గొప్ప ఉపకారమే. కాని అక్కడ మూలము నూనెరంగుల చిత్రము. ఇంటికి వచ్చినది దాని ప్రతిరూపము. అటుపిమ్మట క్యాలెండర్లు వచ్చినవి. అచ్చు అనగా మరియొకదాని నీడ అను అభిప్రాయము మన ఇండ్లలో ఆ గోడలమీదనే స్థిరపడినది. ఆ శిలాముద్రణకును పాతనియమమే: రంగున కొక రాయి.

ఇక మన తెలుగువారి సంగతి. కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో జన్మించిరి. శాంతినికేతనములో నందలాల్ బోసు మొదలగువారి యొద్ద చదివిరి. మదరాసు కళాక్షేత్రములో కొంతకాలము బోధించి, లండనునకు పోయి హెన్రీ మూర్ యొద్దను, పారిసునకు పోయి జాడ్కిన్ యొద్దను శిల్పము నేర్చిరి. వారు మొదట శిల్పి యన్న విషయము ముఖ్యము. పారిసులో స్టాన్లీ విలియం హేటర్ 1927లో స్థాపించిన ముద్రణ కర్మశాల ఒకటి కలదు. దాని పేరు ఆతెలియే 17. పికాసో, మీరో వంటివారు పనిచేసిన చోటు అది. కృష్ణారెడ్డి అందులో చేరి, కాలక్రమమున దానికి సహసంచాలకులైరి.

శిల్పి కన్నులతో చూచిన వారికి రేకు చదునైన వస్తువుగా తోచలేదు. అది కొండలు, లోయలు, మెట్టలు గల నేలవలె కనబడినది. అట్లయిన ఒక్కొక్క ఎత్తున ఒక్కొక్క రంగు నిలుపలేమా? ఎన్ని రంగులో అన్ని అచ్చులు కావలెనను నియమమును దాటలేమా? ఈ ప్రశ్నకు సమాధానము రంగుల చిక్కదనములో దొరకినది. హేటర్, బొంబాయివాడైన కైకో మోతీ, కృష్ణారెడ్డి - వీరి ప్రయోగములవలన 1950 దశకములో ఆ పద్ధతి రూపుదిద్దుకొన్నది.

దాని కీలకము ఇది. రేకును ఆమ్లముతోను, పనిముట్లతోను రెండుమూడు మట్టములుగా లోతుచేయుదురు. మొదట లోతైన గీతలలో సిరా నింపి పైభాగమును తుడిచివేయుదురు. తరువాత అవిసెనూనె ఎక్కువగా కలిపి పలుచనచేసిన ఒక రంగును గట్టి రోలరుతో తేలికగా దొర్లింతురు. గట్టి రోలరు లోయలలోనికి దిగలేదు గనుక ఆ రంగు మిట్టలకే అంటును. పిమ్మట నూనె తక్కువగా గల జిగట రంగును మెత్తని రోలరుతో అదిమి దొర్లింతురు. అది లోయలలోనికి దిగి అచ్చటనే అంటుకొనును. మిట్టలపై ముందుగా పరచుకొనియున్న నూనెరంగు దానిని అంటనీయదు.

ఇది మన వంటింటి ఆడువారికి తెలియని రహస్యము కాదు. పనసకాయ కోయబోవుముందు చేతులకు నూనె రాచుకొందురు. నూనె ఉన్న చేతికి పనసజిగురు పట్టదు. అదే సూత్రము ఇచ్చట చిత్రకళకు తోడైనది. వరుసను మార్చి, జిగటరంగును ముందును, పలుచని రంగును వెనుకను నడిపించినచో ఒకటి రెండవదానిపై కూర్చుండి కొత్త వన్నెను పుట్టించును. ఇట్లు రంగులన్నియు ఒకే రేకుపై చేరును; యంత్రములో ఒక్కమారు త్రిప్పినంతనే చిత్రము పూర్తియగును. పెడన దిమ్మలనాటి నియమము, రవివర్మ రాళ్లనాటి నియమము ఇక్కడ సడలినది.

సడలినది గాని, శ్రమ తగ్గినదని ఎవరును తలపరాదు. ప్రతి ప్రతికిని రేకుపై రంగులను మొదటినుండి పరచవలెను. నూనె ఒక చుక్క ఎక్కువైన ఫలితము మారును. కృష్ణారెడ్డి 1963లో చేసిన "నీటిసుడి", 1968లో పారిసులో చెలరేగిన విద్యార్థుల ఉద్యమమును చూచి చేసిన "ప్రదర్శకులు" ఈ ఓర్పునకు ఫలములు. 1972లో భారతప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది. పిదప న్యూయార్కు విశ్వవిద్యాలయములో బోధించుచు, తమ పద్ధతిని 1988లో గ్రంథముగా ప్రకటించిరి. 2018 ఆగస్టులో న్యూయార్కులోనే కన్నుమూసిరి. ఆ పద్ధతిని నేడు దేశదేశముల కళాశాలలలో నేర్పుచున్నారు. నందనూరు పేరు మాత్రము మనలో ఎందరికి తెలియును?

అందరును దూరదేశములకు పోయినవారే కారు. ఉమ్మడి మెదకు జిల్లా నిజాంపూరులో 1940లో జన్మించిన కలాల్ లక్ష్మాగౌడు హైదరాబాదు ప్రభుత్వ కళాశాలలో చదివి, బరోడాలో కె. జి. సుబ్రమణ్యన్ యొద్ద శిక్షణ పొంది, తిరిగి ఈ నేలకే వచ్చిరి. రంగుల నన్నిటిని ఒక రేకుపై కూర్చుట కృష్ణారెడ్డి మార్గమైన, నలుపు తెలుపుల నడుమ ఉండు బూడిదవన్నెలతోనే ఊరినంతటిని నిలుపుట లక్ష్మాగౌడు మార్గము. మేకలు, చెట్లు, పల్లెస్త్రీలు, పురుషులు, వారి కోరికలు - సూదిమొనతో గీచిన ఆ ఎచింగులలో మనుష్యుడును ప్రకృతియు విడదీయరాని ముడిగా కనబడుదురు. గచ్చిబౌలి విశ్వవిద్యాలయములోని సరోజినీనాయుడు కళాపీఠమున వారు అధ్యాపకులుగాను, డీనుగాను పనిచేసి తరువాతి తరమునకు దారి చూపిరి. 2016లో వారికిని పద్మశ్రీ లభించినది.

ఇట్టి చిత్రమును చూచునపుడు దాని అడుగున పెన్సిలుతో వ్రాసిన సంఖ్య కనబడును. 7/30 అని యున్న, తీయదలచిన ముప్పది ప్రతులలో అది ఏడవది. ముప్పదియు తీసిన పిమ్మట ఇక తీయుటకు వీలులేకుండ రేకుపై అడ్డముగా గీతలు గీకి దానిని రద్దుచేయుట కలదు. తాను నెలలతరబడి చెక్కిన రేకును తన చేతితోనే చెరుపుకొనువాడు నకళ్లు అమ్ముకొనువాడు కాజాలడు. ముప్పది ఇండ్లకు ముప్పది మూలములను పంచి ఇచ్చిన వాడతడు. ఒక్క ధనవంతుని గోడకే పరిమితము కావలసిన చిత్రము ఇట్లు పలువురకు అందుబాటులోనికి వచ్చును. రవివర్మ తలపెట్టిన ఉపకారమే ఇదియును. నీడకు మారుగా వస్తువే చేతికందుచున్నది.

కాని "ఇది ప్రింటే గదా!" అను ఒక్క మాట ఆ శ్రమనంతటిని తుడిచిపెట్టగలదు. ఆ మాట విని ఆమ్లపు తొట్టిని, బరువైన ఉరుళ్లయంత్రమును విడిచి, సులభమైన పనికి పోవు యువకుని తప్పుపట్టుట న్యాయము కాదు. చూచువాడు లేనిచోట చెక్కువాడు నిలువడు. ఇకమీదట ఏ ప్రదర్శనశాలలోనైనను అచ్చుచిత్రము ఎదురైనపుడు మనము ఒక్క నిమిషము ఆగుదము. కాగితముపై రేకు అంచు నొక్కుకొన్న గుర్తును వెదకుదము. సిరా కాగితముపై ఉబ్బి నిలిచిన గీతను ప్రక్కవాటముగా చూతము. ఆ గుర్తున్న చోట ఒక మనుష్యుడు లోహముతో పోరాడి గెలిచినాడని తెలిసికొందము. మా చందానగరు దుకాణములలో "ప్రింటు" అను మాట తన పనిని తాను చేసికొనుచునే యుండును. దానికి రెండవ అర్థమొకటి కలదని మరువకున్న చాలును.