మూడో భాషలో సైన్సు: బోర్డు హైస్కూలు రోజులు

అనకాపల్లి అంటే అందరికీ బెల్లం మార్కెట్టు గుర్తుకొస్తుంది. మన ఏజెన్సీ వాళ్లకు అది రెండు దారులు కలిసే ఊరు కూడా. చింతపల్లి నుంచి నర్సీపట్నం మీదుగా ఒకటి, పాడేరు నుంచి మాడుగుల, చోడవరం మీదుగా ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఒకే రోజు ఏర్పడ్డాయి. కాగితం మీద విడిపోయినా చదువుల దారి విడిపోలేదు. ఆ దారిలో 1940, 50 దశకాల నాటి హైస్కూలు మన పిల్లలకు ఎంత ఎత్తు మెట్టో చెప్పుకోవాలి.

1953 దాకా మనం మద్రాసు కిందే ఉన్నాం. పట్టణాల్లో మునిసిపల్ హైస్కూళ్లు, పల్లెల వైపు జిల్లా బోర్డు హైస్కూళ్లు. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చి బోర్డులు పోయినా, ఆ మాట పెద్దవాళ్ల నోట ఇంకా ఉంది. తరగతులను ఫారాలనేవారు. ఫోర్త్ ఫారం నుంచి సిక్స్త్ ఫారం దాకా హైస్కూలు, చివర ఎస్.ఎస్.ఎల్.సి. ఇంగ్లీషంటే డిటెయిల్డు, నాన్ డిటెయిల్డు, గ్రామరు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు తర్జుమా. నోటితో మాట్లాడించడం తక్కువ, బట్టీ ఎక్కువ. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టాక గానీ వాక్య నమూనాలతో నేర్పే స్ట్రక్చరల్ పద్ధతి మన టీచర్ల శిక్షణలో బలపడలేదు.

తర్జుమాలో ఒక చిక్కుంది. పట్నం పిల్లవాడు తన భాషలోంచి పరాయి భాషలోకి రాస్తాడు. ఇంట్లో కువి, కుబి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లవాడు పరాయి భాషలోంచి ఇంకో పరాయి భాషలోకి రాయాలి. ఇద్దరికీ ప్రశ్నపత్రం ఒకటే.

సైన్సు కథ కూడా అదే. 1930ల చివర నుంచి హైస్కూలు పాఠాలు మాతృభాషలోకి మారాయి. మంచి పనే, కాదనం. అయితే మాతృభాష అంటే తెలుగనే లెక్క. ఆ తెలుగు కూడా బజారు తెలుగు కాదు: ఆమ్లజని, ఉదజని, నత్రజని, స్వేదనం, కిణ్వనం. అవి అనకాపల్లి పిల్లలకే కొరుకుడుపడని మాటలు. 1953లో ఏ.ఎం.ఏ.ఎల్. కాలేజీ వచ్చి, పై చదువు ఊళ్లోనే దొరికింది. అక్కడ బోధన ఇంగ్లీషులో, కాబట్టి ఉదజని మళ్లీ హైడ్రోజన్ అయింది. ఒకే వాయువును రెండుసార్లు నేర్చుకోవాలి, రెండుసార్లూ ఇంటి మాటలో కాదు.

నిజానికి స్వేదనం మన పిల్లలకు కొత్తా? ఇప్పపువ్వు నానబెట్టి, పులియబెట్టి, కాచి, ఆవిరిని చల్లార్చి బొట్లుగా పట్టడం ఇంటి పెరట్లో చూసినవాళ్లే. (వార్డెన్లమై ఉండి సారా సంగతి రాశామని నవ్వకండి, పాఠం పాఠమే.) జీలుగు కల్లు పొద్దెక్కేకొద్దీ పులవడమే కిణ్వనం. ఘాట్ దిగితే ఆనుగడ్డ చెరుకు పొయ్యి దగ్గర ఇంకో పాఠం: రసం మరుగుతుంటే సున్నం వేస్తారు. పులుపు విరుగుతుంది, మడ్డి తేలుతుంది. అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రం ఉంది. పుస్తకం ఆమ్లం, క్షారం అంటూ చెప్పేది ఈ పొయ్యి సంగతే.

ఇంటి భాషతో మొదలుపెట్టాలని ముందే గుర్తించినవాళ్లు లేకపోలేదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవరల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టారు. అటు ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో 1943లో హైమెండార్ఫ్ గోండీ వాచకాలతో చదువు మొదలుపెట్టించారు. రెండూ చిన్న తరగతుల పనులే, హైస్కూలు దాకా ఎదగలేదు. మన కుబి భాషకు భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యాకరణం 1969లో అచ్చయింది. అదీ ఇంగ్లీషులో.

2004లో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టింది. కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా అందులో ఉన్నాయి. మొదటి తరగతుల్లో పిల్లలు తమ మాట అచ్చులో చూశారు. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం దాకా ఆ మాట రాలేదు. హాస్టల్లో రాత్రి చదువుల వేళ మేము మాత్రం డిస్టిలేషన్ అన్న మాట వచ్చినప్పుడు ముందు ఇప్పపువ్వు గురించే అడుగుతాం. అప్పుడు వెనక వరస కూడా నోరు విప్పుతుంది.