కీరా కోసంబరి

కీరా కోసంబరి పచ్చి కీరదోసకాయ ముక్కలను, నానబెట్టిన పెసరపప్పును కలిపి, ఉడికించకుండా తయారు చేసే వంటకం. కర్ణాటకలో పండుగ భోజనాలలో దీనిని విస్తరి కొసన కొద్దిగా వడ్డిస్తారు. తెలుగువారు శ్రీరామనవమికి పానకంతో పాటు నైవేద్యం పెట్టే వడపప్పు దీనికి దగ్గరి బంధువు. సంగారెడ్డి జిల్లాలోని కోహీర్ (2016 వరకు మెదక్ జిల్లా) బీదర్‌కు చేరువలో ఉన్న ఊరు. జహీరాబాద్ ప్రాంతపు సాంప్రదాయిక ఆహారమైన జొన్నరొట్టెకు ఇటువంటి పచ్చి కూర చక్కగా జత కుదురుతుంది.

తెలుగులో దోసకాయ అనగానే పప్పులో వేసే గుండ్రని పసుపుపచ్చ కాయ స్ఫురిస్తుంది. కోసంబరికి వాడేది అది కాదు. పొడవుగా, ఆకుపచ్చగా ఉండే కీరా.

తయారు చేసే విధానం

అరకప్పు పెసరపప్పును కడిగి సుమారు ఒక గంట నానబెట్టాలి. గోటితో నొక్కితే విరగాలి, మెత్తబడి పిండి కారాదు. నీటిని పూర్తిగా వంచివేయాలి. లేత కీరాలు రెండింటిని బాగా కడిగి, తొక్క తీయకుండానే సన్నని ముక్కలుగా తరగాలి. వీటిలో పప్పు, రెండు చెంచాల కొబ్బరికోరు, తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి, ఆవాలు, ఇంగువ, కరివేపాకుతో పెట్టిన తాలింపును చల్లార్చి కలపాలి. ఉప్పు, నిమ్మరసం మాత్రం వడ్డించే ముందే చేర్చాలి. కీరాలో సుమారు 95 శాతం నీరే. ఉప్పు తగలగానే ద్రవాభిసరణము వలన ఆ నీరు బయటకు వచ్చి, ముక్కలు కరకరలాడే గుణాన్ని కోల్పోతాయి. ఇంటింటా ఈ వంటకం చెడేది ఇక్కడే.

ఉల్లికాడలు, ముల్లంగి తురుము కూడా వేసుకోవచ్చు. కోహీర్ జామకు పేరు పొందిన ఊరు కనుక, దోరజామ ముక్కలు వేసి చూడదగినవి.

జాగ్రత్తలు

కాయ తొడిమ వైపు ముక్కను ముందుగా రుచి చూడాలి. దోస, సొర జాతులలో చేదుకు కారణం కుకుర్బిటసిన్ అనే పదార్థం. ఇది ఎక్కువైతే వాంతులు, విరేచనాలు కలుగుతాయి. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం త్రాగిన ఒక శాస్త్రవేత్త మరణించిన తరువాత, భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం చేదు రసాన్ని త్రాగరాదని సూచించింది. కీరా విషయంలోనూ చేదుకాయను పారవేయుటే మంచిది. ఉప్పుతోనో నిమ్మరసంతోనో చేదును కప్పిపుచ్చరాదు.

ఉడికించని పదార్థం కనుక కూరగాయలను, కొత్తిమీరను శుభ్రమైన నీటితో కడగాలి. మిగిలిన కోసంబరిని వేసవిలో రాత్రికి దాచరాదు.

పోషక విలువలు

100 గ్రాముల కీరాలో సుమారు 15 కేలరీలే ఉంటాయి. పెసరపప్పు మాంసకృత్తులను, ఇనుమును అందిస్తుంది. నిమ్మరసంలోని సి విటమిను ఆ ఇనుమును శరీరం గ్రహించుటకు తోడ్పడుతుంది. అందుచేత నిమ్మరసం కేవలం రుచికొరకు వేసేది కాదు.