శ్యాంప్రసాద్ రెడ్డి

తెలుగు చలనచిత్ర నిర్మాత, టెలివిజను కార్యక్రమ నిర్మాత. నెల్లూరు సీమకు చెందిన కవియు, నిర్మాతయు నగు మల్లెమాల సుందరరామిరెడ్డి కుమారుడు. 1986 మొదలుకొని 2009 వరకు వెండితెరపైనను, ఆపై మల్లెమాల ఎంటర్‌టైన్‌మెంట్స్ పేరిట ఈటీవీ తెరపైనను ఈయన చేసిన కృషిలో మొదటి భాగము మిక్కిలి నెమ్మదిగను, రెండవ భాగము మిక్కిలి వేగముగను సాగినందున, ఆ రెంటిని పక్కపక్కన నిలిపి చూచువారికి అవి ఇద్దరు వేరు మనుష్యుల చరిత్రలా యను సందేహము కలుగక మానదు.

తండ్రి సుందరరామిరెడ్డి 1924లో నెల్లూరు జిల్లా అలిమిలి గ్రామమున జన్మించెను. చిత్రరంగమున ఎం.ఎస్. రెడ్డిగను, సాహిత్యమున మల్లెమాలగను ప్రసిద్ధుడు. పద్యమన్న ప్రాణము పెట్టు రైతుబిడ్డలు నెల్లూరు మండలమున అరుదు కారు. కృషీవలుడు కావ్యకర్త దువ్వూరి రామిరెడ్డి ఈ మండలమువాడే. అయితే ఆ పద్యప్రీతిని మద్రాసు స్టూడియోలకు గొనిపోయి, చిత్రనిర్మాణమున నిలదొక్కుకొని, పాటలు వ్రాయుచునే పెట్టుబడులు పెట్టగలిగినవారు కొలదిమందియే. శ్రీకృష్ణ విజయము (1971), కోడెనాగు (1974), ఏకలవ్య (1982) ఆయన నిర్మించిన చిత్రములలోనివి. కోడెనాగులో కవి ఆచార్య ఆత్రేయచే ఒక ముఖ్యపాత్ర ధరింపజేయుట ఆయన సాహసమునకు తార్కాణము. పెద్దలు పోషింపవలసిన పాత్రల నన్నిటిని బాలబాలికలచేతనే ధరింపజేసి, గుణశేఖర్ దర్శకత్వమున నిర్మించిన రామాయణము 1996 సంవత్సరమునకు ఉత్తమ బాలల చిత్రముగా జాతీయ పురస్కారము నందుకొనెను. అందు శ్రీరాముడుగా నటించిన బాలుడు నేటి జూనియర్ ఎన్టీఆర్. ఇది నా కథ అను పేరుతో వెలువడిన సుందరరామిరెడ్డి ఆత్మకథ, తోటి చిత్రప్రముఖులను గూర్చి దాపరికము లేక పలికినందున కొంత కలకలము రేపెను. ఆయన 2011లో హైదరాబాదున కాలధర్మము నొందెను.

ఈ కుటుంబమునకు చిత్రములపై కలిగిన మక్కువలో భూగోళమునకును కొంత పాలు గలదు. నెల్లూరు సీమవారికి హైదరాబాదు కంటె మద్రాసు ఎంతయో దగ్గర. మద్రాసు దూరదర్శన్ కేంద్రము 1975 ఆగస్టు 15న మొదలుకాగా, హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరు 23న గాని ప్రారంభము కాలేదు. సినిమాకైనను, వైద్యమునకైనను, వ్యాపారమునకైనను దక్షిణముఖముగా రైలెక్కుట నెల్లూరివారికి తరతరాల అలవాటు. ఆ రైలులో పోయినవారే మల్లెమాలయు, కోనేటమ్మపేటలో జన్మించిన గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమును. 1996లో ఈటీవీలో ఆరంభమైన పాడుతా తీయగా ద్వారా బాలసుబ్రహ్మణ్యము బుల్లితెరపై సంగీతమునకు చేసిన సేవ ఎట్టిదో, హాస్యమునకును నృత్యమునకును శ్యాంప్రసాద్ రెడ్డి చేసినది పరిమాణమున అట్టిదే. గుణమున అట్టిదియా కాదా యన్నది వేరు చర్చ.

శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాతగా తలంబ్రాలు (1986), ఆహుతి (1987), అంకుశం (1989) చిత్రములను వరుసగా వెలువరించెను. మూడింటికిని దర్శకుడు కోడి రామకృష్ణ. మూడింటను ముఖ్యపాత్రధారి రాజశేఖర్. అంకుశమున సుందరరామిరెడ్డి ముఖ్యమంత్రి పాత్రను ధరించెను. ప్రతినాయకుడు రామిరెడ్డి ఆ ఒక్క చిత్రముతో ఇంటింట తెలిసినవాడయ్యెను. ఈ కథయే హిందీలో ప్రతిబంధ్ (1990) పేర చిరంజీవి నాయకుడుగా పునర్నిర్మితమైనది.

తరువాతిది అమ్మోరు (1995). గ్రామదేవత కథ తెలుగు తెరకు కొత్త కాదు. వేంకటగిరి పోలేరమ్మ జాతర చూచిన వారికిని, నెల్లూరి ఇరుకళల పరమేశ్వరిని కొలిచిన వారికిని ఆ కథ అసలే కొత్త కాదు. కొత్తయైనది చూపిన విధానము. కంప్యూటరు గ్రాఫిక్సు మన నిర్మాతలకు వినికిడి మాత్రమే యైన కాలమున, కొంత చిత్రీకరణ జరిగిన పిదప దర్శకుడు మారినను, ఏండ్లు గడచినను, ఖర్చు పెరిగినను, తాను తలచిన దృశ్యము తెరపై నిలుచువరకు నిర్మాత విడిచిపెట్టలేదు. సౌందర్య భక్తురాలుగను, రమ్యకృష్ణ దేవతగను నటించిన ఆ చిత్రమునకు పల్లెల నుండి బండ్లు కట్టుకొని జనము తరలివచ్చిరి. తమిళమున అమ్మన్ అను పేర అనువాదమై అచ్చటను ఆదరణ పొందినది. ఆ తరువాత అదే తంత్రమును పెంచి, చిరంజీవితో తలపెట్టిన అంజి పూర్తియగుటకు అయిదారేండ్లు పట్టి, 2004 సంక్రాంతికి విడుదలయ్యెను. అది ప్రత్యేక దృశ్యప్రభావములకు జాతీయ పురస్కారము తెచ్చెను గాని, పడిన శ్రమకు తగిన వసూళ్లు తేలేదు. మరియొకరైనచో ఆ దెబ్బతో ప్రేమకథల వైపు మరలియుందురు. ఈయన గద్వాల సంస్థానము నేపథ్యముగా అరుంధతిని తలపెట్టెను. 2009 జనవరి 16న విడుదలైన ఆ చిత్రము అగ్రనాయకుడు లేకుండగనే ఘనవిజయము సాధించి, అనుష్కను అగ్రశ్రేణి నటిగా నిలిపి, నంది పురస్కారములు పెక్కింటిని గైకొనెను. మొత్తము ఆరు చిత్రములకును కోడి రామకృష్ణయే దర్శకుడు. ఒకే నిర్మాత, ఒకే దర్శకుడు ఇరువదిమూడేండ్లు కలిసి నడచుట మన చిత్రసీమలో అపురూపము.

అరుంధతి విడుదలైన 2009లోనే ఈటీవీలో ఢీ అను నృత్యపోటీ ఆరంభమైనది. చిత్రములకు నాట్యములు కూర్చువారు తెరవెనుకనే మరుగున పడియుండు ఆచారమును ఇది మార్చినది. పోటీదారునకు ఒక నృత్యదర్శకుని జతచేయుటచే, వారమువారము మెచ్చుకోలు ఇరువురకును దక్కుచుండెను. శేఖర్ మాస్టరు ఈ వేదికపై నాట్యములు కూర్చి పేరు గడించి, చిత్రరంగమున స్థిరపడి, పిమ్మట అదే వేదికకు న్యాయనిర్ణేతగా మరలివచ్చెను. బెజవాడలోనో, నెల్లూరులోనో అద్దము ముందు గంతులు వేయు పిల్లవానికి హైదరాబాదు త్రోవ చూపిన కార్యక్రమమిది యనుట అతిశయోక్తి కాదు.

2013 ఫిబ్రవరి 7న, గురువారమునాడు, జబర్దస్త్ తొలి ప్రసారము జరిగెను. నాగబాబు, రోజా న్యాయనిర్ణేతలు, అనసూయ యాంకరు. ఏర్పాటు సులువైనదే: ఒక్కొక్క టీం లీడరు తన బృందముతో కొలది నిమిషముల స్కిట్టు నొకటి ఆడును, జడ్జీలు మార్కులు వేయుదురు, గెలిచినవారికి నగదు బహుమతి. కాని ఈ సులువు పైకి మాత్రమే. వారమునకొక కొత్త స్కిట్టు ఊహించి, వ్రాసి, అభ్యసించి, షూటింగునాటికి సిద్ధపరచుట ఎంతటివానికైనను ప్రాణసంకటము. టీం లీడరు నటుడు మాత్రమే కాక, రచయిత, దర్శకుడు, ఒక విధముగా నాటకసమాజ యజమాని కూడ కావలసి వచ్చెను. ధన్‌రాజ్, వేణు, చమ్మక్ చంద్ర, రాకెట్ రాఘవ మొదటి తరమువారు. సుడిగాలి సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్ త్రయము, మాట వెంట మాట విసరు హైపర్ ఆది తరువాతివారు. ఆదరణ పెరుగగా 2014లో శుక్రవారము ఎక్స్‌ట్రా జబర్దస్త్ తోడయ్యెను. దానికి రష్మి యాంకరు. కార్యక్రమములను నడిపిన దర్శకులలో నితిన్, భరత్ జంట ముఖ్యులు.

పురుషులు స్త్రీవేషము ధరించుట ఈ స్కిట్లలో నిత్యమైనది. దానిని హేళనగా చూచినవారు గలరు. స్థానం నరసింహారావు రంగస్థలమున సత్యభామగా నిలిచిన జాతికి స్త్రీవేషము కొత్త కాదు గాని, స్థానం వారి వేషములోని సౌకుమార్యమునకును, నేటి స్కిట్టులోని వెక్కిరింతకును నడుమ దూరము తక్కువ కాదని ఒప్పుకొనవలయును. ద్వంద్వార్థములు, రూపమును గూర్చిన పరిహాసములు, కులవృత్తులను తేలిక చేయు మాటలు అను ఆక్షేపణలు మొదటి నుండియు వినవచ్చినవి. వానిలో కొన్ని న్యాయమైనవే. అయినను రాత్రి భోజనవేళ ఇల్లంతయు ఒకచోట కూర్చుండి నవ్వుట ఈ కార్యక్రమము వలననే సాధ్యమైనదని చెప్పు గృహిణులు కోస్తా పల్లెలలో లెక్కకు మిక్కిలి.

2019లో నాగబాబు వేరొక చానలు కార్యక్రమమునకు తరలిపోగా, 2022 ఏప్రిల్‌లో రోజా ఆంధ్రప్రదేశ్ మంత్రిపదవి స్వీకరించి వైదొలగెను. అయినను కార్యక్రమము ఆగలేదు, కృష్ణభగవాన్, ఇంద్రజ మున్నగువారు ఆ పీఠముల నలంకరించిరి. సుమ నడిపిన క్యాష్ కూడ ఈ సంస్థదే. 2021లో ఆదివారపు మధ్యాహ్నమునకు శ్రీదేవి డ్రామా కంపెనీ ఆరంభమయ్యెను. ఆ పేరులోని డ్రామా కంపెనీ యను మాట, పెట్రోమాక్సు వెలుగులో తెల్లవార్లు పద్యనాటకము చూచిన తరమువారికి ఎంతో తీయనిది.

చిత్రమున కొక్కొక్కదానికి ఏండ్లకేండ్లు వెచ్చించిన నిర్మాత ఏడు దినముల గడువునకు ఎట్లు ఇమిడెనను ప్రశ్నకు సమాధానము ఆయన పద్ధతిలోనే గలదు. అమ్మోరు, అరుంధతులలో తారాబలము కంటె తంత్రమును నమ్మినట్లే, టెలివిజనులో పేరుగలవారి కంటె పేరులేనివారి ఆకలిని నమ్మెను. తొలి టీం లీడర్లలో ఒకడైన, సిరిసిల్లకు చెందిన వేణు, దర్శకుడై 2023 మార్చిలో బలగం తీసి, చావింటి కథను ఊరూర తెరలు కట్టించి చూపించుకొనెను. నితిన్, భరత్ 2025లో అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి చిత్రముతో వెండితెర దర్శకులైరి.