తూలి నడిచే బిల్లీ కూన తారీఖ్

చెరకు ఉన్నచోట ఎలుక ఉంటుంది. ఎలుక ఉన్నచోటికి పిల్లిని ఎవరూ దావత్ ఇచ్చి పిలవక్కర్లేదు.

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆ కాలువల నీళ్లతో బోధన్ చుట్టుపక్కల చెరకు లేచింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాన్ని ఆనుకుని శక్కర్‌నగర్ బస్తీ వచ్చింది. ఈ తారీఖ్‌ను పెద్దలు చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను. అందులో ఎవరూ రాయని మఖ్లూఖ్ ఒకటుంది. గోదాముల్లో, బెల్లం బట్టీల దగ్గర, క్వార్టర్ల పెరళ్లలో జీతం బత్తెం లేకుండా ఎలుకల మీద డ్యూటీ చేసిన బిల్లీ. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు మనుషులకు లేఆఫ్ నోటీసు వచ్చింది. బిల్లీలకు ఎవరూ నోటీసు ఇవ్వలేదు. ఇవాళ బోధన్ గల్లీల్లో, నిజామాబాద్ పసుపు మార్కెట్లో, రైస్ మిల్లుల్లో, మస్జిద్ హౌజ్ గట్టు మీద, బీడీలు చుట్టే ఇళ్ల అరుగుల మీద మీకు కనబడేవి వాటి ఔలాదే అయ్యుండాలి.

ఇన్ని పిల్లులు ఒకేచోట తిరిగితే, ఒక్కదానికీ టీకా లేకపోతే, ఏదో ఒక ఈతలో ఒక కూన తేడాగా పుడుతుంది. మొదట తెలియదు. మూడు నాలుగు వారాలకు మిగతా కూనలు నడక నేర్చేటప్పుడు తెలుస్తుంది. ఇది కాళ్లు ఎడంగా పెట్టి, కదిలే పడవ మీద నిలబడ్డట్టు నిలబడుతుంది. అడుగు వేస్తే అవసరానికి మించి పైకెత్తుతుంది. పాల గిన్నె దగ్గరికి పోయేకొద్దీ తల వణుకుతుంది, ముక్కు పోయి పాలలో మునుగుతుంది. పడుతుంది, లేస్తుంది, మళ్లీ గిన్నె దగ్గరికే పోతుంది. ఆకలి మాత్రం అందరికంటే ఎక్కువ.

మహల్లాలో దీనికి వెంటనే పేర్లు పెడతారు. ఒకరు అసర్ అంటారు, ఒకరు నజర్ అంటారు, ఒకరు ఫాలిజ్ అంటారు, ఇంకొకరు పిచ్చి పట్టిందంటారు. ఆ తర్వాత ఒక గోనె సంచి వస్తుంది. రాత్రి వేళ మార్కెట్ యార్డు గోడ పక్కనో, చెరకు చేను గట్టునో సంచి ఖాళీ అవుతుంది. ఇంట్లో పిల్లలకు మాత్రం "దాని అమ్మీ దగ్గరికి పంపినం" అని చెబుతారు. తూలే కూన కుక్కల మధ్య ఎంతసేపు బతుకుతుందో చెప్పడానికి ఆలిం అక్కర్లేదు, డాక్టర్ అక్కర్లేదు.

ఆ వణుకు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడానికి డాక్టర్లకు ఎనభై ఏళ్ల దాకా పట్టింది. 1888లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ హాస్పిటల్ రిపోర్టుల్లో హెరింగ్‌హామ్, ఆండ్రూస్ అనే ఇద్దరు, తూలి నడిచే రెండు పిల్లుల గురించి రాశారు. మనుషుల ఆస్పత్రి వాళ్ల పుస్తకంలో పిల్లుల కేసు! లోపం చిన్నమెదడులో ఉందని వాళ్లు చూశారు. తల వెనుక భాగంలో ఉండే ఈ చిన్నమెదడు పని తూకం. చెయ్యి ఎంత చాపాలి, అడుగు ఎంత ఎత్తాలి అనే లెక్క దానిది. ఆ లెక్క తప్పితే బలం ఉన్నా నడక తూలుతుంది. డాక్టర్లు దీన్ని సెరిబెల్లార్ హైపోప్లేసియా అంటారు, అంటే చిన్నమెదడు పూర్తిగా పెరగకపోవడం. కారణం మాత్రం అప్పుడు దొరకలేదు. ఖాందాన్‌లోనే దోషం ఉందని, నస్ల్‌లో వస్తుందని చాలాకాలం అనుకున్నారు.

ఇంకోవైపు, పిల్లుల్ని వాంతులు విరేచనాలతో ఈత ఈతగా చంపే ఒక వబా ఉండేది. 1928లో ఫ్రాన్స్‌లో వెర్జ్, క్రిస్టోఫొరోనీ అనే ఇద్దరు దానికి కారణం వడపోతలో కూడా దొరకనంత చిన్న వైరస్ అని చూపించారు. ఫీలైన్ పాన్‌ల్యూకోపీనియా అనే ఆ జబ్బుకూ, తూలే కూనకూ రిష్తా ఉందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

తట్టించింది ఎలుక. 1959లో అమెరికాలో లారెన్స్ కిల్హామ్ అనే ఆయన ఎలుకల్లో దాగి ఉండే ఒక వైరస్‌ను పట్టుకున్నారు. డార్ట్‌మత్ మెడికల్ స్కూల్లో ఆయన, జార్జ్ మార్గోలిస్ కలిసి దాన్ని అప్పుడే పుట్టిన హామ్‌స్టర్లకు ఎక్కిస్తే అవి పెరిగి తూలడం మొదలుపెట్టాయి. చిన్నమెదడు దెబ్బతింది. అలాంటి తూలుడు పిల్లుల్లోనూ ఉంది కదా అని అటు తిరిగారు. తూలే కూనల్లోంచి వైరస్ తీసి చూపించి, 1966లో కారణం వైరసేనని ప్రచురించారు. అది పాన్‌ల్యూకోపీనియా వైరసే. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు కదా, ఈ ఒక్క మామలాలో ఎలుక వల్ల పిల్లికి న్యాయం జరిగింది.

జరిగేది ఇదీ. ఈ వైరస్‌కు వేగంగా విభజన చెందే కణాలే కావాలి. పెద్ద పిల్లిలో అవి పేగుల్లో, ఎముక మూలగలో ఉంటాయి. కడుపులోని కూనలో, పుట్టిన మొదటి ఒకటి రెండు వారాల్లో, చిన్నమెదడు కణాలు అదే వేగంతో పెరుగుతుంటాయి. చూలు పిల్లికి వైరస్ తగిలితే, పైకి తల్లి బాగానే కనబడవచ్చు, దెబ్బ మాత్రం లోపలి పిల్లకు పడుతుంది. ఒకే ఈతలో ఒకటి తూలి, ఇంకొకటి చక్కగా ఉండొచ్చు. ఆ నష్టం మళ్లీ పూడదు, అయితే పెరగదు కూడా. నొప్పి ఉండదు. ఆ వణుకు ఇంకో పిల్లికి అంటదు, పిల్లకు వారసత్వంగా పోదు. ఈ వైరస్ మనుషులకు రాదు. మరీ తీవ్రం కాని కేసుల్లో కూన నెలలు గడిచేకొద్దీ తన తూలుడుకు తానే ఒక హిసాబ్ నేర్చుకుంటుంది, మామూలు పిల్లి బతికినన్నాళ్లూ బతుకుతుంది. ఇందులో జిన్ను ఎక్కడుందో నాకైతే దొరకలేదు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. మొదటి అడుగు నుంచే తూలుతూ, బాగా తింటూ, ఎప్పుడూ ఒకేలా ఉండే కూన వేరు. నిన్నటిదాకా బాగున్న పిల్లి హఠాత్తుగా తూలినా, చొంగ కార్చినా, మీదపడి కరిచినా ఆ కేసు వేరు. అది రేబిస్ కావచ్చు. ఏ పిల్లి కరిచినా, గీరినా సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, ఆలస్యం చేయకుండా సర్కారు దవాఖానాలో టీకా వేయించుకోండి. తావీజు తర్వాత చూసుకోవచ్చు.

ఇక మన కితాబుల సంగతి. పిల్లి పాక్ జానవర్ అని మన ఇళ్లలో అందరికీ తెలుసు. హజ్రత్ అబూ ఖతాదా (ర) వుజూకు పెట్టుకున్న నీళ్ల దగ్గరికి పిల్లి వస్తే ఆయన గిన్నె వంచి తాగనిచ్చారు. కోడలు కబ్షా ఆశ్చర్యపోతే, అది నజిస్ కాదని, మీ ఇళ్లలో మీ చుట్టూ తిరిగేవాటిలో ఒకటని ప్రవక్త (స) చెప్పిన మాట వినిపించారు. ముఅత్తాలో, అబూ దావూద్‌లో, తిర్మిజీలో ఈ రివాయత్ ఉంది. అబూ హురైరా (ర) అనే పేరే ఒక చిన్న పిల్లి వల్ల వచ్చింది. మేకలు కాసే రోజుల్లో ఆయన దగ్గర ఒక కూన ఉండేది. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, తిననీయక చంపిన స్త్రీకి పడ్డ సజా కూడా హదీసుల్లో ఉంది. చెయ్యి కోట్ చింపుకున్న 'ముఇజ్జా' పిల్లి కిస్సా వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది కానీ, తొలి హదీసు గ్రంథాల్లో అది లేదు. అలాంటి కిస్సానే 12వ శతాబ్దపు సూఫీ అహ్మద్ రిఫాయీ గురించి కూడా చెబుతారు. సహీ రివాయతులు ఇన్ని ఉండగా కచ్చా కిస్సాల మీద ఆధారపడటం ఎందుకో!

ఇవన్నీ బాగున్న పిల్లుల సంగతి, ఐబ్ ఉన్న జానవర్ మాటేమిటి అని అడిగేవాళ్లుంటారు. ఈ 'ఐబ్' అనే మాట మన ఇళ్లలోకి బక్రీద్ నుంచి వచ్చిందని నా అనుమానం. ఖుర్బానీకి గుడ్డిది, కుంటిది, జబ్బుది, మరీ బక్కచిక్కింది పనికిరాదు, నిజమే. అది అల్లాహ్ పేరున ఇచ్చేదాని షర్తు. ఇంట్లో పెట్టుకుని సాకేదానికి ఆ షర్తు ఎవరు పెట్టారు? సంతలో మేక పళ్లు చూసే కళ్లతోనే అరుగు మీద పిల్లిని చూస్తున్నాం. మరీ గట్టిగా మాట్లాడితే, ఆ కళ్లతోనే మాజూర్ పిల్లల్ని కూడా చూసేవాళ్లు మన బస్తీల్లో ఉన్నారు. ఆ ఇళ్ల తల్లులకు నేనేమంటున్నానో తెలుసు.

జబ్బు జానవర్‌కు ఖిద్మత్ చేసినవాళ్లు మన తారీఖ్‌లో ఉన్నారు. ఒంటి నిండా పుండ్లతో ఊరివాళ్లు తరిమేసిన కుక్కను అహ్మద్ రిఫాయీ ఊరి బయటికి తీసుకుపోయి, నీడ కట్టి, నలభై రోజులు మందు రాసి నయం చేశారని ఆయన మనాఖిబ్ చెబుతాయి. నాకు అంతకన్నా ఇష్టమైన కిస్సా ఇబ్న్ ఖల్లికాన్ రాసింది. ఆయన 1282లో పోయిన ముఅర్రిఖ్, గొప్పవాళ్ల జీవితాలు రాసిన మనిషి. కైరోలో ఇబ్న్ బాబ్‌షాజ్ అనే అరబీ వ్యాకరణ పండితుడు ఉండేవారు. సర్కారు దఫ్తర్ నుంచి బయటికి పోయే ప్రతి కాగితంలో భాషా తప్పులు సరిచూడటం ఆయన నౌకరీ. (జర్నలిస్టుగా నాకు ఈ నౌకరీ మీద కొంచెం అసూయ.) ఒకరోజు దోస్తులతో జామె మస్జిద్ మిద్దె మీద కూర్చుని తింటుంటే ఒక పిల్లి వచ్చింది. ఒక ముద్ద వేశారు. నోట కరుచుకుని పోయింది, వెంటనే మళ్లీ వచ్చింది. మళ్లీ వేశారు, మళ్లీ పోయింది. ఒక్క పిల్లి ఇంత తినలేదే అని లేచి వెంబడి పోయారు. పక్కన పాడుబడ్డ ఇల్లు. దాని కప్పు మీద ఇంకో పిల్లి కూర్చుని ఉంది, దానికి రెండు కళ్లూ లేవు. ఇది తెచ్చిన ముద్దలన్నీ దాని ముందు పెడుతోంది.

ఇబ్న్ బాబ్‌షాజ్ అది చూసి, గుడ్డి పిల్లికే రిజ్ఖ్ పంపినవాడు నన్ను వదిలేస్తాడా అనుకుని నౌకరీ మానేశారు, మస్జిద్‌లో ఏకాంతంగా ఉండిపోయారు. వాయిజులు ఈ కిస్సాను తవక్కుల్ మీద చెబుతారు. చెప్పనివ్వండి. నా కళ్లు మాత్రం ముద్దలు మోసిన ఆ మొదటి పిల్లి మీదే ఆగిపోతాయి. రిజ్ఖ్ ఆకాశం నుంచి పడలేదు, ఒకరి నోట కరుచుకుని వచ్చింది. ఇబ్న్ బాబ్‌షాజ్ 1077లో ఒక రాత్రి ఆ మస్జిద్ పైనుంచే జారిపడి పోయారు.

కైరోలోనే ఇంకో సంగతి. 13వ శతాబ్దపు సుల్తాన్ బైబర్స్ ఒక తోటను పిల్లుల పేరున వక్ఫ్ చేశారు. దాన్ని పిల్లుల తోట అనే పిలిచేవారు. 19వ శతాబ్దంలో అక్కడ ఉన్న ఎడ్వర్డ్ లేన్ అనే ఇంగ్లీషు రచయిత, ఆ తోట చేతులు మారి మారి పిల్లులకు నామమాత్రపు కిరాయి మిగిలిందనీ, అయినా ఖాజీ కచేరీ ముంగిట రోజూ అసర్ తర్వాత పిల్లులకు తిండి వేసేవారనీ రాశారు. వక్ఫ్ భూములు ఎలా కరిగిపోతాయో నిజామాబాద్ జిల్లావాళ్లకు నేను కొత్తగా చెప్పాలా? తోట పోయినా ముద్ద ఆగలేదన్నది మాత్రం గుర్తుపెట్టుకోదగ్గ మాట.

ఇక మీ గల్లీలో అలాంటి కూన ఉంటే ఏం చేయాలి? పెద్ద ఖర్చేం లేదు. పింగాణీ నేల, కడప బండ దానికి దుష్మన్, కాలు జారుతుంది. అదే గోనె సంచిని ఈసారి విప్పి నేల మీద పరవండి, గోళ్లకు పట్టు దొరుకుతుంది. గిన్నె బరువుగా, వెడల్పుగా, కాస్త ఎత్తు మీద ఉండాలి. ఇసుక తొట్టికి ఒకవైపు అంచు తక్కువ, మిగతా వైపులు ఎక్కువ ఉంటే ఆనుకుని నిలబడుతుంది. మిద్దె మెట్లకు అడ్డం పెట్టండి, హౌజ్ మీద మూత పెట్టండి. వీధిలోకి వదలొద్దు, ఆటో వస్తే తప్పుకోలేదు. బీడీల చాట అందకుండా చూడండి. చాట బోర్లిస్తే మీకు కూలీ నష్టం, తంబాకు కడుపులోకి పోతే దానికి ప్రాణం నష్టం. నేల ఫినాయిల్‌తో తుడవొద్దు, పిల్లికి విషం. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ ముక్క వేయొద్దు, చచ్చిపోతుంది. ఎత్తుకునేటప్పుడు ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక కాళ్ల కింద ఒక చెయ్యి. పట్టు తెలిస్తే వణుకు తగ్గుతుంది, నిద్రలో అసలు ఉండదు. తిండి కూడా తనంతట తాను తినలేనంత తీవ్రంగా ఉన్న కూన అయితే ముందు డాక్టర్‌కు చూపించి, ఇంట్లో చేసేవాళ్లు ఉన్నారో లేరో చూసుకుని ఒప్పుకోండి.

చెరకు కొట్టే రోజుల్లో చేలో దొరికే కూనల విషయం వేరు. అవి అడవి పిల్లి పిల్లలు కావచ్చు. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటిని ఇంటికి తేవడం జుర్మ్. తల్లి దగ్గర్లోనే ఉంటుంది, దొరికినచోటే వదలండి, లేదా అటవీ శాఖవాళ్లకు చెప్పండి.

ఇంట్లో ముందే పిల్లి ఉంటే కొత్త కూనను కొన్నాళ్లు వేరే గదిలో ఉంచండి. వణుకు అంటదు కానీ వైరస్ దాని దగ్గర మిగిలి ఉండొచ్చు, ఇంట్లో ఏడాది దాకా బతికే మొండి వైరస్ అది. బ్లీచింగ్ నీళ్లకు చస్తుంది, కడిగాక మంచినీళ్లతో మళ్లీ తుడవాలి. టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు దాటేదాకా వేయించాలి. గల్లీలో తిరిగే ఆడ పిల్లులకు కూడా వేయిస్తే వచ్చే ఈతలో తూలే కూన పుట్టదు. అయితే చూలుతో ఉన్నదానికి లైవ్ వ్యాక్సిన్ పడకూడదు, అది కూడా కడుపులోని కూనల మెదడుకు అదే దెబ్బ కొడుతుంది. డాక్టర్‌కు ముందే చెప్పండి.