తోడివారి చూపు

పటమును వ్రాయునది ఒక చేయి. దానిని పక్వము చేయునవి పెక్కు కన్నులు. శాకుంతలము ఆఱవ యంకమున దుష్యంతుడు తాను వ్రాసిన శకుంతల చిత్రమును విదూషకునకు చూపి ముచ్చటించును. ఆ ముచ్చటలోనే, ఇసుకతిన్నెలపై హంసల జంటలతో మాలినీనది ఇంకను వ్రాయవలసియున్నదని పలుకును. చిత్రమును మిత్రుని యెదుట నిలిపినప్పుడే కొఱత తెలియునని మహాకవి యెఱిగినట్లున్నది.

2016 వఱకు మన ఆసిఫాబాదుతోపాటు ఆదిలాబాదు జిల్లాలోనిదైన నిర్మల్ పట్టణము పొణికి కఱ్ఱ బొమ్మలకు పేరెన్నికగన్నది. చెక్కువారును రంగులు పూయువారును ఒకేచోట కూర్చుండు పనియింటిలో ప్రక్కవాని కుంచె జాఱినచో చెప్పుటకు కంటిసైగ చాలును.

చిత్రకళ పాఠశాలలకు చేరిన పిదప మనవారు దూరము పోవలసివచ్చెను. రాజమహేంద్రవరమునకు చెందిన దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, స్వస్థలమున చిత్రకళాశాలను నెలకొల్పెను. 1925లో ఆయన అకాలమరణము నొందగా మిత్రుడైన వరద వెంకటరత్నము దానిని నడపెను. స్నేహమే విద్యను నిలిపినది.

1915లో కరీంనగరు జిల్లాలో జన్మించిన పాకాల తిరుమలరెడ్డి కూడ ఆ బొంబాయి కళాశాలలోనే చదివెను. ఆయన 1941లో మజీదు, భోప్లే, కులకర్ణి, బాప్టిస్టాలతో కలసి ఒక చిత్రకార బృందముగా నేర్పడెను. ‘యంగ్ టర్క్స్’ అని పేరొందిన ఆ యువకులకు కళాశాలాధిపతి జెరార్డు ప్రోత్సాహము లభించెను. హుసేను, రజా మున్నగువారి ప్రగతిశీల బృందము బొంబాయిలో వెలసినది 1947లో. అప్పటికి ఆఱేండ్ల ముందే మన పల్లెబిడ్డ తోడు విలువ నెఱిగెను.

2020లో కరోనా మూలమున కళాశాలలు మూతపడగా విద్యార్థులు ఇంటనుండియే తెరపై పాఠములు వినిరి. నేడును పెక్కుమంది అట్లే నేర్చుచున్నారు. గురువు పాఠము ఇల్లు చేరినది గాని, ప్రక్క బల్లపై కూర్చుండు మిత్రుడు రాలేదు. తెరపై మెప్పు సులభము. “బాగున్నది” యనువారు నూర్గురు, “ఈ మోచేయి ఇట్లు వంగునా?” యని యడుగువాడు ఒక్కడే. ఆ ఒక్కనిని వెదకికొనుటయే దూరవిద్యార్థి చేయవలసిన మొదటి పని.

ఇది నా యనుభవము కూడ. లెక్కలు వ్రాసికొని బ్రతుకుచు, గురువు లేక కావ్యములు చదివినవాడను. యతి తప్పిన నా సీసపద్యమొకటి ఏండ్ల తరబడి సభలలో చదివితిని. అందఱును చప్పట్లు కొట్టిరి. ఈ గ్రంథాలయమునకు పత్రికలు చూడవచ్చు మిత్రుడొకడు నన్ను ప్రక్కకు పిలిచి తప్పు చూపెను. ఆ రాత్రి సిగ్గుతో నిద్రపట్టలేదు. పద్యము వ్రాయుట నేర్చినది మఱునాటినుండియే.

ఇరువదియైదేండ్లు పుస్తకములిచ్చిన ఈ గ్రంథాలయము ఇక బొమ్మలు వ్రాయు పిల్లలకు ఒక గోడ నిచ్చుగాక! నెలకొకసారి వారు తమ పటములను తగిలించి, దూరమందున్న సహపాఠులకును తెరపై చూపి, మెప్పుకంటె ముందు ఒక్కొక్క లోపమును చెప్పుకొనవలెను. తాను వ్రాసిన లెక్కను తానే కూడికొనువానికి తప్పు కనబడదు. మఱొకరు కూడినప్పుడే అది బయటపడును.